బజారు వీధి తవ్వే ముందు బండ్లకు చోటు చూడండి

డ్రైనేజీ పైపు కోసమో సీసీ రోడ్డు కోసమో బజారు వీధిని మూసినప్పుడు గొడవ బారికేడ్ దగ్గర మొదలవదు. బండి ఎక్కడ పెట్టాలో తెలియనివాళ్లు పక్క సందులో పెట్టేస్తారు. ట్రాఫిక్ మళ్లించింది కూడా ఆ సందులోకే. అందుకే పార్కింగ్ లెక్క ముందు తేల్చుకోవాలి, మూసివేత సంగతి తర్వాత.

మామూలు రోజు ఒకటి, రద్దీ రోజు ఒకటి ఎంచుకోండి. ఉదయం 10 నుంచి రాత్రి 9 దాకా గంటకోసారి వీధంతా నడిచి, నిలిపిన ప్రతి బండి నంబరులో చివరి నాలుగంకెలు రాసుకోవాలి. నాలుగైదు గంటలు వరసగా కనిపించేవి ఎక్కువగా షాపుల యజమానులవి, పనివాళ్లవే. ముందు తరలించాల్సినవి అవే. వాటికి ఫంక్షన్ హాలు సెల్లారు అడగండి. ముహూర్తాలున్న రోజుల్లో దొరకదు కాబట్టి ఆ తేదీలకు ఇంకో చోటు రాసిపెట్టుకోండి. వీలైతే పనే మూఢంలో పెట్టుకోవాలి: హాళ్లు ఖాళీగా ఉంటాయి, బట్టల షాపులకూ నగల షాపులకూ దెబ్బ తక్కువ. ఆషాఢం మాత్రం వద్దు. పెళ్లిళ్లు లేకపోయినా డిస్కౌంట్ సేల్స్ ఉంటాయి, పైగా వాన.

రోడ్డు అంచున ఒక కారు నిలవడానికి 6 మీటర్లు పోతుంది. అంతే చోటులో బైకులు అడ్డంగా ఏడు పడతాయి. కాబట్టి మిగిలిన అంచంతా బైకులకే ఇచ్చి, కార్లను బయటి స్థలానికి పంపండి. ఆ స్థలం 300 మీటర్లు దాటితే జనం నడవరు, తిరిగి వీధిలోకే వస్తారు. అక్కడ టోకెన్ ఇచ్చే మనిషి, రాత్రి లైటు లేకపోయినా అంతే.

సరుకు దించడాన్ని మరిచిపోతే మొత్తం ప్లాను పాడవుతుంది. బేగంబజార్ లాంటి హోల్‌సేల్ వీధుల్లో ట్రాలీ ఆటో ఒక్కటి ఆగినా వెనక వరస కట్టేస్తుంది. తవ్వే ముక్కకు రెండు చివర్లా 12 మీటర్ల చొప్పున దించే చోటు గీసి, ఉదయం 9 లోపు, రాత్రి 9 తర్వాత మాత్రమే అనుమతించండి. అక్కడి నుంచి షాపు దాకా తోపుడు బండే.

అనుమతుల్లో తరచూ తప్పేది గడువు. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 115 ప్రకారం రాకపోకల ఆంక్ష నెల దాటితే గెజిట్ నోటిఫికేషన్ ఉండాలి. నెలలోపైతే స్థానికంగా ప్రచారం చేస్తే చాలు. కాంట్రాక్టరు 20 రోజులంటాడు, అది తవ్వి పోసే లెక్క. సీసీ రోడ్డుకు కనీసం 14 రోజులు నీళ్లు కట్టాలి, బండ్లు వదలడానికి మామూలుగా 28 రోజులు ఆగాలి. ఇవి కలిపి చూసుకుని ట్రాఫిక్ పోలీసులకు దరఖాస్తు ఇవ్వండి. వీధంతా ఒకేసారి తవ్వనివ్వొద్దు. 60, 70 మీటర్ల ముక్క పూడ్చి చదును చేశాకే తర్వాతి ముక్క. పక్కన 3.5 మీటర్ల దారి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి, ఫైరింజను కోసం.

మొదటి బోర్డు గొయ్యి దగ్గర పెడితే ఉపయోగం లేదు. అక్కడిదాకా వచ్చిన కారు వెనక్కి తిప్పుకోలేదు. ఇంకా మలుపు తీసుకునే వీలున్న ముందు జంక్షన్‌లోనే పెట్టండి: పసుపు రంగు మీద నల్ల అక్షరాలు, బాణం గుర్తు, 'షాపులకు మాత్రమే దారి' అన్న మాట. ఫ్లెక్సీ గాలికి చిరుగుతుంది, రాత్రి కనపడదు. వెలుతురు పడితే మెరిసే షీటు వాడాలి. మళ్లింపు దారిలో ముందుగా చెత్త లారీని నడిపి చూడండి. అది మలుపులో ఇరుక్కుంటే మలుపుకు రెండు వైపులా 10 మీటర్లు పార్కింగ్ తీసేయాలి. ట్రాన్స్‌ఫార్మర్ అడ్డమైతే వేరే సందు చూసుకోవడమే.

ప్లాస్టిక్ బారియర్లలో నీళ్లు నింపారో లేదో రోజూ సాయంత్రం తట్టి చూడండి. ఖాళీవైతే రాత్రి బైకువాళ్లు పక్కకు జరిపి దూరిపోతారు, గొయ్యిలో పడేది వాళ్లే. గూగుల్ మ్యాప్స్‌లో మూసివేత నమోదు చేయకపోతే క్యాబ్‌లు, డెలివరీ కుర్రాళ్లు బోర్డు చూసినా లోపలికే వస్తారు. దారి తెరిచిన రోజునే ఆ నమోదు తీయించి, మళ్లింపు బోర్డులు కూడా ఎత్తించండి.