ఎండలు ముదరకముందే: షుగర్, బీపీ, కిడ్నీ జబ్బులున్న ఇంట్లో చేసుకోవాల్సిన ఏర్పాట్లు

శివరాత్రికి చలి శివశివా అని వెళ్లిపోయాక హైదరాబాద్‌లో ఎండ ముదరడానికి ఎన్నో రోజులు పట్టదు. ఉగాదిలోగా మీ డాక్టర్‌ని ఒకసారి కలిసి తీరాలి. చలికాలంలో సరిపోయిన మాత్రల మోతాదు మే నెలలో ఎక్కువైపోవచ్చు. వేడికి చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి, చెమటతో నీరూ ఉప్పూ పోతాయి. దాంతో బీపీ దిగుతుంది. మధ్యాహ్నం మంచం మీంచి లేవగానే కళ్లు తిరిగి పడిపోయి తుంటి విరగ్గొట్టుకునే పెద్దవాళ్లలో కొందరి విషయంలో జరిగేది ఇదే.

వెళ్లేముందు వారం రోజులు ఇంట్లోనే బీపీ రాసుకోండి. కూర్చుని ఒకసారి, లేచి నిలబడ్డ నిమిషానికి ఒకసారి, మూడో నిమిషంలో ఇంకోసారి చూడాలి. నిలబడ్డాక పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే ఆ కాగితం డాక్టర్‌కి చూపించండి. మోతాదు మార్చాలా వద్దా అన్నది ఆయన చెప్పాలి. మీ అంతట మీరు మాత్ర మానేయకండి.

ఆ రోజే అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: "వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఏ మాత్రలు ఆపాలి, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలి?" జవాబు చీటీ మీద రాయించుకుని ఫ్రిజ్ తలుపుకి అంటించండి. ఎందుకంటే ఒళ్లు ఎండిపోయిన రోజున కొన్ని మాత్రలే ఎదురు తిరుగుతాయి. ఒంట్లో నీరు తీసేవి (ఫ్యూరోసెమైడ్, టోర్సెమైడ్, క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయాజైడ్), టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు కలిస్తే కిడ్నీకి రక్తం తగ్గుతుంది. వాటిపైన ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్ వేసుకుంటే రెండు మూడు రోజుల్లో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) ఎగబాకవచ్చు. చాలా బీపీ మాత్రల పేరు చివర 'హెచ్' అనో 'సీటీ' అనో ఉంటుంది. అంటే నీరు తీసే మందు అందులోనే కలిసి ఉందని. వాడేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లు తిండి లేకుండా వాంతులతో ఉన్నప్పుడు కూడా అదే మాత్ర మింగితే, షుగర్ మరీ ఎక్కువ లేకపోయినా రక్తంలో కీటోన్లు (ఒళ్లు కొవ్వుని కరిగించినప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి ప్రాణం మీదకి రావచ్చు. మరో షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ గురించీ అడగండి. ఇన్సులిన్ మాత్రం పూర్తిగా ఆపకూడదు. మోతాదు మార్చాలా, మారిస్తే ఎంత అన్నది ముందే తెలుసుకోవాలి.

క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు మార్చిలోనే చేయించి పెట్టుకుంటే మేలో తేడా వచ్చినప్పుడు పోల్చుకోడానికి ఉంటుంది. ఖర్చు భారమైతే దగ్గర్లోని బస్తీ దవాఖానాలో అడగండి. అక్కడ తీసుకున్న రక్తాన్ని తెలంగాణ డయాగ్నస్టిక్స్ అనే ప్రభుత్వ ల్యాబ్‌కి పంపి ఉచితంగా చేస్తారు.

ఇక నీళ్లు. "ఎండాకాలం, నీళ్లు బాగా తాగండి" అన్న మాట అందరికీ ఒకేలా వర్తించదు. కిడ్నీ, గుండె బాగున్న షుగర్ మనిషి దాహానికి ముందే తాగుతూ ఉండాలి. మూత్రం లేత రంగులో ఉంటే నీళ్లు చాలినట్టే అంటారు గానీ, షుగర్ బాగా పెరిగినవాళ్లకి ఆ గుర్తు పనిచేయదు. చక్కెర తనతో నీటిని లాక్కుపోతుంది కాబట్టి ఒళ్లు ఎండుతున్నా మూత్రం తెల్లగానే వస్తుంది. డయాలసిస్ వాళ్లకి, గుండె బలహీనమైనవాళ్లకి డాక్టర్ చెప్పిన కొలతే కొలత. చాలా డయాలసిస్ కేంద్రాల్లో ముందురోజు వచ్చిన మూత్రం కొలతకి అర లీటరు కలిపి, అంతే తాగమంటారు. రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, టిఫిన్‌కి ముందు, ఒకే కాటా మీద బరువు చూసుకోండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. ఆయాసం వచ్చేదాకా ఆగకుండా ఫోన్ చేయండి. అంతే వేగంగా తగ్గినా చేయండి. దాహానికి నీళ్ల సీసా బదులు చిన్న ఐసు ముక్క చప్పరించడం వీళ్లకి మేలు.

కొబ్బరిబోండం మంచిదే, అందరికీ కాదు. ఒక బోండంలో 500 మిల్లీగ్రాములు, ఒక్కోసారి అంతకుమించి పొటాషియం ఉంటుంది. కిడ్నీ దెబ్బతిని, పైగా టెల్మిసార్టాన్ లాంటివి వాడుతుంటే అది బయటికి పోదు. గుండె లయ తప్పేదాకా పైకి ఏమీ తెలియకపోవచ్చు. ఉప్పేసిన మజ్జిగ, కొత్తావకాయ బీపీవాళ్ల లెక్కని తలకిందులు చేస్తాయి. మజ్జిగ ఉప్పు లేకుండా, అల్లం కరివేపాకుతో తాగండి. బంగినపల్లి మీద ఆశ చంపుకోనక్కర్లేదు. 100 గ్రాముల ముక్కలు, అదీ అన్నం తగ్గించిన పూట. రసం మాత్రం వద్దు.

విరేచనాలైతే ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. అందులో గ్లూకోజ్ 13.5 గ్రాములే, షుగర్ ఉన్నవాళ్లూ తాగొచ్చు. డబ్బాల్లో అమ్మే తియ్యటి పానీయాలు వేరు. వాటిమీద ఓఆర్ఎస్ అని రాయకూడదని హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడగా, 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశాలిచ్చింది.

ఇన్సులిన్‌కి వేడి శత్రువు, గడ్డకట్టడం అంతకంటే పెద్ద శత్రువు. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఫ్రిజ్ తలుపు అరలో ఉండాలి. డీప్‌ఫ్రీజర్ పక్కన వద్దు. ఒకసారి గడ్డకడితే కరిగాక కూడా పారేయాల్సిందే. తెరిచిన సీసా చాలా రకాలకు 30 డిగ్రీల లోపు నాలుగు వారాలు నిలుస్తుంది. కానీ మేలో రేకుల ఇంట్లో, పై అంతస్తు స్లాబు కింద ఆ 30 ఎక్కడిది? ఫ్రిజ్ లేకపోతే పెద్ద మట్టికుండలో చిన్నకుండ పెట్టి, మధ్య ఇసుక నింపి, రెండుపూటలా తడపండి. మందుని మూత గట్టిగా ఉండే డబ్బాలో పెట్టి లోపలి కుండలో ఉంచండి. ఏప్రిల్, మే నెలల పొడిగాలికి ఇది బాగా చల్లబడుతుంది, వానలు మొదలయ్యాక అంతగా పనిచేయదు. పెళ్లిళ్లకి ఊరెళ్లేటప్పుడు మందులు కారు డిక్కీలో కాకుండా చేతిసంచీలో పెట్టుకోండి. గ్లూకోమీటర్ స్ట్రిప్పులూ అంతే. వేడికి పాడైతే తప్పుడు అంకె చూపిస్తాయి. వాటిని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు.

వేడికి ఇన్సులిన్ త్వరగా ఒంటికి పడుతుంది. చెమట, వణుకు, నీరసం వస్తే ఎండదెబ్బ అనుకుని పడుకోబెట్టకుండా షుగర్ చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. స్పృహలో లేని మనిషి నోట్లో ఏదీ పోయకండి.

పాదాలకి స్పర్శ తగ్గినవాళ్లు మధ్యాహ్నం గుడి బండల మీద వట్టికాళ్లతో ప్రదక్షిణ చేయొద్దు. బొబ్బలెక్కినా తెలియదు. దర్శనం పొద్దున ఎనిమిదిలోపు పెట్టుకోండి, రాత్రి అరికాళ్లు చూసుకోండి.

మాట తడబడుతూ, అయోమయంగా, ఒళ్లు కాలిపోతుంటే 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోగా నీడకి తెచ్చి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ ఫ్యాన్ కింద ఉంచండి. చెమట పడుతున్నా అది ఎండదెబ్బ కావచ్చు. పారాసెటమాల్ ఇక్కడ పనిచేయదు. వాడే మందుల చీటీ మనిషితోపాటే బండెక్కించండి.