క్యూ10 సీసా మూత తీసేముందు

చెన్నై టి.నగర్ మందుల దుకాణాల్లో కోఎంజైమ్ క్యూ10 (ఒంట్లోని కణాలు శక్తి తయారుచేసుకోవడానికి తోడ్పడే పదార్థం, సప్లిమెంటుగా అమ్ముతారు) డాక్టరు చీటీ లేకుండానే ఇచ్చేస్తారు. హార్ట్ ఫెయిల్యూర్‌కు (గుండె రక్తాన్ని సరిపడా పంపు చేయలేని స్థితి) చికిత్స పొందుతున్నవారు మాత్రం కాస్త ఆగండి.

• ముందు డాక్టరుకు చెప్పండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవారికి ఇది మరీ ముఖ్యం. క్యూ10 దాని ప్రభావాన్ని తగ్గించవచ్చు. రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష మళ్లీ చేయించాలి.

• ఇప్పటికే వాడుతున్న మాత్రలు ఒక్కటి కూడా మానకండి. 2014లో వెలువడిన, 420 మంది హార్ట్ ఫెయిల్యూర్ రోగులు పాల్గొన్న క్యూ-సింబియో అధ్యయనంలోనూ క్యూ10ను మామూలు చికిత్సకు తోడుగానే ఇచ్చారు. పక్కింటివారి సలహా చికిత్స కాదు!

• సీసాపై 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు, గడువు తేదీ చూడండి.

• కొవ్వులో కరిగే పదార్థం కాబట్టి భోజనంతోనే వేసుకోండి. ఆ వంకతో అప్పడాలు, ఊరగాయ వద్దు. ఉప్పు ఒంట్లో నీరు నిలుపుతుంది.

• రోజూ ఉదయం బరువు రాసుకోండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే వెంటనే డాక్టరుకు ఫోను చేయండి.