ఫైర్ అలారం ప్యానెల్‌లో పసుపు లైటు వెలిగితే

అపార్ట్‌మెంట్లలో, చిన్న ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించేది జోన్ల వారీగా, అంటే భవనాన్ని భాగాలుగా విడదీసి ఒక్కో భాగానికి ఒక్కో లైనుతో, పనిచేసే కన్వెన్షనల్ ప్యానెల్. ఎర్ర లైటు మంటకు గుర్తు, పసుపు లైటు లోపానికి గుర్తు. పసుపు లైటుతో మోగే బజర్‌ను నొక్కేసి వదిలేయడం చాలా చోట్ల అలవాటైపోయింది. ఆ జోన్‌లో నిప్పు పుట్టినా ప్యానెల్‌కు తెలియకపోవచ్చు కాబట్టి దాన్ని అదే రోజు చూడాలి. పని మొదలుపెట్టే ముందు నివాసులకు, సెక్యూరిటీ సిబ్బందికి చెప్పండి.

జోన్ ఓపెన్ ఫాల్ట్

ప్రతి జోన్ లైను చివర ఒక రెసిస్టర్ (కరెంటును పరిమితం చేసే చిన్న భాగం) ఉంటుంది. ప్యానెల్ దాని గుండా ఎప్పుడూ కొద్దిపాటి కరెంటు పంపుతుంది. ఆ దారి ఎక్కడ తెగినా ఓపెన్ అని చూపుతుంది. ముందు ఆ అంతస్తంతా తిరిగి, పొగనో వేడినో పసిగట్టే డిటెక్టర్లు సీలింగ్‌కు బిగించిన తమ బేసుల్లో ఉన్నాయో లేదో చూడండి. రంగులు వేసేవాళ్లో, ఫాల్స్ సీలింగ్ పనివాళ్లో ఒకటి తీసి మరచిపోయి ఉండవచ్చు.

అన్నీ ఉంటే, ప్యానెల్ దగ్గర ఆ జోన్ తీగలు విప్పి, మాన్యువల్‌లో చెప్పిన విలువ గల రెసిస్టర్‌ను టెర్మినళ్లకు నేరుగా బిగించండి. ఫాల్ట్ పోకపోతే లోపం ప్యానెల్ కార్డులో ఉంది. పోతే వైరింగ్‌లో ఉంది. అప్పుడు తీగలు తిరిగి కలిపి, లైను మధ్యలో ఉన్న డిటెక్టర్ బేసు దగ్గర రెసిస్టర్ పెట్టి, అక్కడి నుంచి ముందుకు వెళ్లే తీగలు విప్పండి. ఫాల్ట్ పోతే వెతకాల్సింది అవతలి సగంలోనే. ఇలా సగానికి సగం తగ్గిస్తూ పోతే తెగిన చోటు దొరుకుతుంది.

పరీక్ష కోసం పెట్టిన ఆ రెసిస్టర్‌ను ప్యానెల్‌లోనే వదిలి వెళ్లిపోవడం మాత్రం క్షమించరానిది. ప్యానెల్ అంతా బాగుందని చూపిస్తుంది, పైన ఉన్న ఒక్క డిటెక్టర్‌కూ దానితో సంబంధం ఉండదు. మీ భవనంలో సర్వీసు జరిగిన తర్వాత టెర్మినళ్లు తప్పక చూడండి.

ఎర్త్ ఫాల్ట్

లైనులోని తీగ ఎక్కడో ఎర్త్‌కు తగులుతోందని దీని అర్థం. వానాకాలంలో వస్తే ముందుగా అనుమానించాల్సింది సెల్లారులోని జంక్షన్ బాక్సుల్లో చేరిన నీటినే. జోన్ తీగలను, హూటర్ (అలారం మోగించే సైరన్) తీగలను ఒక్కొక్కటిగా విప్పండి. ఏది విప్పినప్పుడు ఫాల్ట్ పోతుందో లోపం ఆ లైనులో ఉంది. తడి ఆరబెట్టి, పాడైన తీగ మార్చి, మూత గట్టిగా బిగించండి.

బ్యాటరీ ఫాల్ట్

సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపి ఉంటాయి. మెయిన్స్ ఉన్నప్పుడు రెండింటి మీద కలిపి సుమారు 27 వోల్టులు ఉంటే ఛార్జింగ్ బాగున్నట్టే. మెయిన్స్ ఆపగానే వోల్టేజీ జారిపోతే బ్యాటరీలు అయిపోయినట్టు. రెండూ ఒకేసారి మార్చండి.

మంట లేకుండా మోగితే

రీసెట్ చేసేముందు ఆ జోన్‌కు మనిషి వెళ్లి చూసి రావాలి. మంట లేకపోతే డిటెక్టర్‌లో దుమ్మో పురుగులో ఉన్నాయేమో చూసి శుభ్రం చేయించండి. వంటగదిలో పొగ డిటెక్టర్ ఉంటే దాని స్థానంలో హీట్ డిటెక్టర్ పెట్టించండి. రీసెట్ నిలవకపోతే మాన్యువల్ కాల్ పాయింట్ (మనుషులు అలారం మోగించడానికి గోడకు పెట్టిన పెట్టె) అద్దం పగిలిందేమో చూడండి.

ఏ మరమ్మతు చేసినా, ఆ జోన్‌లో చివరి డిటెక్టర్‌కు టెస్ట్ స్ప్రే కొట్టి, ప్యానెల్‌లో సరైన జోన్ లైటు వెలిగి హూటర్ మోగాకే లాగ్ పుస్తకంలో రాయండి.