డీఎస్‌ఎల్ మోడెమ్‌కి వేరే రౌటర్ తగిలించాక నెట్ రావట్లేదా? ఎక్కడ ఆగిందో ఇలా పట్టుకోండి

డీఎస్‌ఎల్‌లో, అంటే టెలిఫోన్ తీగ మీద వచ్చే నెట్‌లో, మోడెమ్, రౌటర్ విడివిడిగా పెట్టుకున్నప్పుడు వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఒక్క చోటే పుడతాయి. రెండు పెట్టెలూ ఒకే పనికి పూనుకుంటాయి, లేదా ఆ పని రెండూ చేయవు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి ప్రొవైడర్‌కి కనెక్ట్ అయ్యే పీపీపీఓఈ పని ఎవరిది, ఇంట్లో ఫోన్లకీ లాప్‌టాప్‌లకీ ఐపీ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ పని ఎవరిది అన్నది ముందే తేల్చుకోండి. నన్నడిగితే రెండూ రౌటర్‌కే అప్పగించి, మోడెమ్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టడం మేలు. అప్పుడు మోడెమ్ టెలిఫోన్ లైన్ సంగతి మాత్రమే చూసుకుంటుంది, తప్పు ఎక్కడుందో వెతకడం కూడా సులువవుతుంది.

ఇంకో మాట, నెట్ రాలేదు కదా అని వెంటనే మోడెమ్ వెనక రీసెట్ బటన్ నొక్కకండి. ప్రొవైడర్ ఇచ్చిన వీపీఐ, వీసీఐ నంబర్లు (డేటా ఏ దారిలో వెళ్లాలో మోడెమ్‌కి చెప్పేవి), యూజర్‌నేమ్ అన్నీ చెరిగిపోయి, ఉన్న సమస్యకి తోడు ఇంకోటి మొదలవుతుంది. ముందు మోడెమ్ సెట్టింగుల పేజీలన్నీ ఫోన్‌తో ఫోటోలు తీసి పెట్టుకోండి.

డీఎస్‌ఎల్ లైటు ఆగకుండా మినుకుమినుకుమంటోంది

లైన్ సింక్ కాలేదని, అంటే మోడెమ్‌కి ప్రొవైడర్ వైపు పరికరంతో ఇంకా సంబంధం కుదరలేదని అర్థం. ఈ దశలో రౌటర్‌కి ఏ సంబంధమూ లేదు, దాని సెట్టింగులు మార్చి లాభం లేదు. రౌటర్‌ని పక్కన పెట్టేయండి. ఇంట్లోకి లైన్ వచ్చే మొదటి సాకెట్ దగ్గరికి మోడెమ్‌ని తీసుకెళ్లి, మిగతా ఫోన్లన్నీ పీకేసి, పొట్టి వైరుతో నేరుగా తగిలించి కాసేపు చూడండి. లైటు నిలిచిందంటే తప్పు ఇంటి లోపలి వైరింగులోనో, లైన్‌ని ఫోన్‌కీ మోడెమ్‌కీ విడదీసే స్ప్లిటర్‌లోనో, పొడుగాటి ఎక్స్‌టెన్షన్ వైరులోనో ఉంది, కాబట్టి ఒక్కొక్కటీ తిరిగి కలుపుతూ ఏది కలిపినప్పుడు పోతోందో చూస్తే దొరికిపోతుంది. అక్కడా నిలవకపోతే తప్పు మోడెమ్‌దో లైన్‌దో తేలాలి. వేరే మోడెమ్ దొరికితే పెట్టి చూడండి, దానికీ రాకపోతే లైన్ బాగుచేయాల్సింది ప్రొవైడరే. అదే లైన్ మీద మామూలు ఫోన్ పెట్టి వినండి, గరగరమంటుంటే ఫిర్యాదులో ఆ సంగతి కూడా చెప్పండి.

ఫోన్ మోగగానే నెట్ పోతోంది

ఇది దాదాపు ఎప్పుడూ ఫిల్టర్ సమస్యే. ఒకే రాగి తీగల జత మీద మాట 4 కిలోహెర్ట్జ్ లోపు నడుస్తుంది, డీఎస్‌ఎల్‌లో ఒక రకమైన ఏడీఎస్‌ఎల్ సుమారు 25 కిలోహెర్ట్జ్ నుంచి పైన నడుస్తుంది. ఈ రెండింటినీ ఒకదానికొకటి అడ్డు రాకుండా ఉంచేది ఫిల్టరే. మోడెమ్‌కి కాదు, ప్రతి ఫోన్‌కీ ఒకటి ఉండాలి, ఫ్యాక్స్ ఉంటే దానికీ కావాలి. ఒక్క ఫోన్‌కి లేకపోయినా లైన్ మొత్తం చెడుతుంది. స్ప్లిటర్ వాడుతుంటే ఫోన్ రంధ్రంలో మోడెమ్, మోడెమ్ రంధ్రంలో ఫోన్ పెట్టలేదు కదా అని చూసుకోండి, తొందరలో ఇలా తారుమారు కావడం మామూలే.

ఫోన్‌తో పనిలేకుండానే రోజులో చాలాసార్లు తెగిపోతుంటే మోడెమ్ పేజీలో ఎస్‌ఎన్‌ఆర్ మార్జిన్, అంటే అలజడిని తట్టుకోవడానికి లైన్‌లో మిగిలిన వెసులుబాటు, ఎంతుందో చూడండి. 6 డెసిబెల్స్ కంటే తక్కువైతే చిన్న అలజడికే లైన్ పడిపోతుంది. ఇంటి వైరింగ్ సరిచేసినా అది పెరగకపోతే, వేగం కొంచెం తగ్గించి లైన్ నిలకడగా ఉంచమని ప్రొవైడర్‌ని అడగొచ్చు. నా ఉద్దేశంలో పడుతూ లేస్తూ ఉండే వేగవంతమైన లైన్ కంటే తెగని లైనే నయం.

డీఎస్‌ఎల్ లైటు నిలకడగా ఉంది, అయినా నెట్ లేదు

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. మోడెమ్ బ్రిడ్జ్ మోడ్‌లో ఉంటే దాని ఇంటర్నెట్ లైటు వెలగకపోవడం మామూలే, దాన్ని చూసి టెన్షన్ పడకండి. చూడాల్సింది రౌటర్ పేజీలో వ్యాన్ స్టేటస్, అంటే బయటి నెట్‌వైపు కనెక్షన్ పరిస్థితి.

యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తప్పని అక్కడ రాసి ఉంటే మళ్లీ టైప్ చేయండి. చాలా యూజర్‌నేమ్‌లకి చివర ఎట్ గుర్తు, దాని తర్వాత ప్రొవైడర్ పేరు ఉంటాయి, అది వదిలేస్తే లాగిన్ కాదు. పాస్‌వర్డ్‌లో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా కూడా చూడండి.

తప్పని కూడా చెప్పకుండా, అవతల నుంచి జవాబే రావట్లేదంటే రౌటర్ అడుగుతున్నది ప్రొవైడర్ దాకా చేరట్లేదన్నమాట. మోడెమ్ నుంచి వచ్చే కేబుల్ రౌటర్ వ్యాన్ పోర్టులోనే ఉందా, పక్కనున్న, ఇంట్లో పరికరాలకి వాడే ల్యాన్ పోర్టులో పెట్టారా? మోడెమ్‌లో బ్రిడ్జ్ మోడ్ సేవ్ అయ్యిందా? వీపీఐ, వీసీఐ నంబర్లు సరైనవేనా? 0/35, 8/35, 0/38 లాంటివి వాడుకలో ఉన్నాయి కానీ మీది ఏదో మీ ప్రొవైడరే చెప్పాలి. ఏడీఎస్‌ఎల్ కంటే వేగమైన వీడీఎస్‌ఎల్ అయితే సెట్టింగుల్లో వీటి బదులు వీల్యాన్ నంబర్ (అదీ ప్రొవైడర్ చెప్పేదే) అడగవచ్చు.

అన్నీ సరిగ్గా ఉన్నా, అంతకుముందు మోడెమ్‌తోనే కనెక్ట్ అయ్యుంటే పాత సెషన్ అవతలి వైపు ఇంకా తెరిచే ఉండొచ్చు. రెండు పెట్టెలూ ఆపేసి పావుగంట ఆగి, ముందు మోడెమ్ వేసి, డీఎస్‌ఎల్ లైటు నిలిచాక రౌటర్ వేయండి. అప్పటికీ రాకపోతే, ప్రొవైడర్ పాత పెట్టె మ్యాక్ అడ్రస్‌కే, అంటే ఆ పరికరం సొంత గుర్తింపు నంబర్‌కే, లైన్‌ని కట్టేసి ఉండొచ్చు. రౌటర్‌లో మ్యాక్ క్లోన్ అనే చోట ఆ పాత అడ్రస్ ఇవ్వండి, లేదా వాళ్లకే ఫోన్ చేసి మార్పించండి.

రౌటర్ పెట్టగానే నెట్ పోయింది, తీసేస్తే వస్తోంది

రెండింటి అడ్రసూ 192.168.1.1 అయి ఉండొచ్చు. ఏ ప్యాకెట్ ఎటు పంపాలో రౌటర్‌కి తెలియదు. రౌటర్ ల్యాన్ అడ్రస్ 192.168.2.1 గా మార్చి, రీస్టార్ట్ చేస్తే తీరుతుంది.

నెట్ వస్తోంది, కానీ కెమెరా బయటినుంచి కనిపించదు, గేముల్లో మిగతావాళ్లతో కలవట్లేదు

రౌటర్ వ్యాన్ ఐపీ చూడండి. అది 192.168 తోనో 10 తోనో మొదలైతే చాలావరకు మోడెమ్ కూడా రౌటర్ పని చేస్తోందని, అంటే డబుల్ న్యాట్ (అడ్రసుల మార్పిడి రెండు చోట్ల జరగడం) అని. బ్రిడ్జ్ మోడ్ పెడితే పోతుంది. మోడెమ్‌లో బ్రిడ్జ్ మోడ్ లేకపోతే రౌటర్‌ని వైఫై మాత్రమే ఇచ్చే యాక్సెస్ పాయింట్‌గా వాడండి. దాని డీహెచ్‌సీపీ ఆపి, అడ్రస్ 192.168.1.2 లాగా మోడెమ్ పంచే వరుసకి బయట ఉండేలా పెట్టి, కేబుల్ వ్యాన్‌లో కాకుండా ల్యాన్ పోర్టులో గుచ్చండి. వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మాత్రం న్యాట్ ప్రొవైడర్ దగ్గరే జరుగుతోంది, ఇంట్లో ఏం మార్చినా ఉపయోగం లేదు, పబ్లిక్ ఐపీ ఇమ్మని వాళ్లనే అడగాలి.

కొన్ని సైట్లు వస్తాయి, కొన్ని సగంలో ఆగిపోతాయి

మామూలు ఈథర్‌నెట్ ప్యాకెట్‌లో 1500 బైట్లు పడతాయి, అందులో పీపీపీఓఈ తన కోసం 8 తీసుకుంటుంది. రౌటర్ ఇంకా 1500 అనుకునే పంపుతుంటే పెద్ద ప్యాకెట్లు దారిలో పోతాయి, చిన్నవి వెళ్తాయి. అందుకే మెసేజులు వెళ్తూనే ఫోటోలు ఆగిపోతాయి. రౌటర్‌లో ఎంటీయూ, అంటే ఒక్క ప్యాకెట్‌లో పంపే గరిష్ఠ పరిమాణం, 1492 పెట్టండి, ఇంకా ఆగుతుంటే కొంచెం కొంచెం తగ్గించి చూడండి.

బ్రిడ్జ్ చేశాక మోడెమ్ పేజీ తెరుచుకోవట్లేదు

లాప్‌టాప్‌ని కేబుల్‌తో నేరుగా మోడెమ్‌కి కలిపి, దానికి 192.168.1.5 లాంటి అడ్రస్ చేత్తో ఇచ్చి, బ్రౌజర్‌లో మోడెమ్ అడ్రస్ కొట్టండి. పని అయ్యాక లాప్‌టాప్‌లో మళ్లీ ఆటోమేటిక్ పెట్టడం మరిచిపోవద్దు, లేకపోతే రౌటర్‌కి కలిపినప్పుడు నెట్ రాదు. ఆ పేజీలో ఉండగానే మోడెమ్ వైఫై కూడా ఆపేయండి. అది నడుస్తూ ఉంటే ఫోన్లు అలవాటుకొద్దీ దానికే అతుక్కుని, సిగ్నల్ నిండుగా చూపిస్తూనే నెట్ లేదంటాయి.