పాత కంప్యూటర్‌కు మరికొన్నేళ్లు – 4వ పాఠం: మీ ఎస్‌ఎంపీఎస్ మోయగల గ్రాఫిక్స్ కార్డు

పోయిన పాఠం చివర మూడు పనులు చెప్పాను. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా) మీదున్న స్టిక్కర్‌ను ఫొటో తీయమన్నాను, మదర్‌బోర్డు మీది పొడవాటి స్లాట్ చుట్టూ ఎంత జాగా ఉందో స్కేలు పెట్టి కొలవమన్నాను, ప్రాసెసర్ పేరు రాసుకోమన్నాను. ఆ కాగితం ఎదురుగా పెట్టుకుని చదవండి. అది లేకుండా చదివితే కార్డుల పేర్లు తెలుస్తాయేగానీ, మీకు పనికొచ్చేది ఏదో తేలదు.

తిరుపతిలోని షాపులకు వెళ్లినా, చెన్నై రిచీ స్ట్రీట్ దాకా వెళ్లినా చాలామంది అడిగేది ఒకటే: "ఈ బడ్జెట్‌లో మంచి కార్డు ఏదుంది?" అడగాల్సింది అది కాదు. "నా ఎస్‌ఎంపీఎస్‌లో ఇన్ని వాట్లు మిగులున్నాయి, కేబినెట్ ఇంత సన్నం, నా పని ఇది" అని చెప్పగలిగితే సగం కార్డులు వాటంతటవే పక్కకు పోతాయి. ఈ పాఠమంతా ఆ మాట చెప్పగలగడం కోసమే.

ముందు కరెంటు లెక్క. గ్రాఫిక్స్ కార్డు పెట్టే పొడవాటి పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ గరిష్ఠంగా 75 వాట్లు ఇస్తుంది. అంతకంటే ఎక్కువ తాగే కార్డుకు ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా 6 పిన్నుల వైరో 8 పిన్నుల వైరో కావాలి. పాత ఆఫీసు కంప్యూటర్లలో ఆ వైర్లు దాదాపుగా ఉండవు. హార్డ్‌డిస్క్ వైరు నుంచి కన్వర్టర్ పెట్టి లాగుదామని షాపులో అంటే ఒప్పుకోవద్దు. ఆ సన్నటి వైర్లు వేడెక్కి కనెక్టర్ కరిగే ప్రమాదం ఉంది. మనకు కావాల్సింది స్లాట్ కరెంటుతోనే నడిచే కార్డు.

స్లాట్ 75 ఇస్తుంది కదా అని 75 వాట్ల కార్డు కొనేయకూడదు. ఆ 75నూ ఇవ్వాల్సింది ఎస్‌ఎంపీఎస్సే. స్టిక్కర్ మీద పెద్ద అక్షరాల్లో ఉండే మొత్తం వాట్లను పక్కన పెట్టి, 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లున్నాయో చూడండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా బతికేది ఆ లైన్ మీదే.

కొర్లగుంటలో జిరాక్స్ షాపు పెట్టుకుని, ఖాళీ వేళల్లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒక తమ్ముడి కంప్యూటరే ఉదాహరణ అనుకుందాం. సన్నటి ఆఫీసు కేబినెట్, కోర్ ఐ5-3470 ప్రాసెసర్, 240 వాట్ల ఎస్‌ఎంపీఎస్, 12 వోల్టుల గడిలో 18 ఆంపియర్లు. 12ను 18తో గుణిస్తే 216 వాట్లు. పాత ఎస్‌ఎంపీఎస్‌ను చివరిదాకా పిండకూడదు, అందులోనూ మే నెల తిరుపతి ఎండల్లో. అయిదో వంతు వదిలేస్తే సుమారు 173. ప్రాసెసర్‌కు 77, బోర్డు, డిస్కులు, ఫ్యాన్లు అన్నిటికీ కలిపి ఓ 40 అనుకుంటే 117. మిగిలింది 56 వాట్లు. అతను కొనగల కార్డు ఆ 56 లోపే ఉండాలి. మీ కాగితం మీదా ఇదే లెక్క వేయండి. కొన్ని సన్నటి బ్రాండెడ్ కంప్యూటర్లలో స్లాట్‌కు 75 కంటే తక్కువే ఇస్తారు కాబట్టి మీ మోడల్ మాన్యువల్ కూడా ఒకసారి తిరగేయండి.

ఇప్పుడు కార్డులు. అతని స్నేహితులు జీటీఎక్స్ 1650 తీసుకోమన్నారు. 2019లో వచ్చిన మంచి కార్డే, కానీ 75 వాట్లు. 2024లో వచ్చిన ఆర్టీఎక్స్ 3050 ఆరు జీబీ రకం 70 వాట్లు. రెండూ అతని లెక్క దాటిపోయాయి. పెద్ద కేబినెట్, బలమైన ఎస్‌ఎంపీఎస్ ఉన్నవాళ్లు వీటినే ముందు చూడండి.

53 వాట్ల ఆర్‌ఎక్స్ 6400 లెక్కలో సరిపోతుంది. చిక్కు వేరే చోట ఉంది. అది స్లాట్‌లోని 16 లేన్లలో (డేటా వచ్చిపోయే దారుల్లో) నాలుగింటినే వాడుకుంటుంది. కొత్త బోర్డుల్లో ఆ నాలుగూ సెకనుకు 8 జీబీ దాకా మోస్తాయి. ఐ5-3470 లాంటి మూడో తరం ఇంటెల్ మీద అది సగానికి, రెండో తరం మీద 2 జీబీకి పడిపోతుంది. పైగా అందులో వీడియో ఎన్‌కోడర్ లేదు. అంటే ఎడిటింగ్ అయ్యాక వీడియో బయటికి తీసే భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. ఎడిటింగ్ కోసమే కార్డు కొనేవాడికి ఆ లోటు పెద్దది.

30 వాట్ల జీటీ 1030లోనూ ఎన్‌కోడర్ లేదు. ఫోన్లో తీసిన హెచ్265 వీడియోలు సాఫీగా చూడటానికి మాత్రం బాగుంటుంది. కొంటే జీడీడీఆర్5 మెమరీ ఉన్నదే అడగండి. అదే పేరుతో డీడీఆర్4 రకం కూడా అమ్ముతారు. దాని మెమరీ వేగం సెకనుకు 48 జీబీ నుంచి 17 జీబీ లోపుకు దిగిపోతుంది. డబ్బా మీద పేరు ఒకటే, లోపల సరుకు వేరు. ఒకే పేరు పెట్టి అలా అమ్మడం కొనేవాడికి అన్యాయమని నా అభిప్రాయం.

అతనికి నేను చెప్పేది టీ1000. ఎన్విడియా ఆఫీసు పనుల కోసం చేసిన కార్డు, 50 వాట్లు, జీటీఎక్స్ 1650లో ఉన్నట్టే 896 కోర్లు, ఎన్‌కోడర్ ఉంది, సన్నటి కేబినెట్‌లో పట్టే పొట్టి కార్డు. బడ్జెట్ చాలకపోతే 40 వాట్ల టీ600. గేమర్లు వీటి జోలికి పెద్దగా పోరు కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో వెతకొచ్చు.

ఒక్క జాగ్రత్త: ఈ రెండింటికీ ఉన్నవి మినీ డిస్‌ప్లేపోర్టులే. మీ మానిటర్ పాత వీజీఏదైతే, లోపల చిప్ ఉండే యాక్టివ్ కన్వర్టర్ కొనాలి. పిన్నులు మార్చే చవక ముక్కతో బొమ్మ రాదు.

సన్నటి కేబినెట్ ఉన్నవాళ్లు కార్డుతోపాటు పొట్టి బ్రాకెట్ (కార్డును కేబినెట్‌కు బిగించే రేకు) కూడా ఇస్తున్నారా అని షాపులోనే చూసుకోండి. సెకండ్ హ్యాండ్ కార్డులకు అదే తరచూ పోతుంది, విడిగా దొరకడం కష్టం. ఇంటెల్ ఆర్క్ కార్డుల జోలికి ఈ పాత బోర్డులతో పోవద్దు. వాటికి రీసైజబుల్ బార్ అనే సదుపాయం కావాలి, అది మీ బోర్డులో ఉండదు.

సెకండ్ హ్యాండ్‌లో జీటీఎక్స్ 1050 టీఐ చవగ్గా కనిపిస్తే రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఆ తరం కార్డులకు ఎన్విడియా మామూలు డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆపింది, భద్రతా అప్‌డేట్లు మాత్రం 2028 అక్టోబరు దాకా ఇస్తామంది. రెండోది, జీటీఎక్స్ 550 టీఐ లాంటి ముసలి చిప్‌లకు బయోస్ (కార్డు తన పేరు, వివరాలు చెప్పుకునే లోపలి సాఫ్ట్‌వేర్) మార్చి ఈ పేరుతో అమ్మే మోసం ఉంది. డబ్బులిచ్చే ముందు షాపు కంప్యూటర్‌లోనే కార్డు పెట్టించి, కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాం తెరవండి. నకిలీ అని పసిగడితే ఆ మాట పేరు ముందే చూపిస్తుంది.

మీ కంప్యూటర్‌లో ఇంకా పాత హార్డ్‌డిస్క్ మీదే విండోస్ నడుస్తుంటే, ఈ డబ్బుతో ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి. కార్డు తర్వాత చూద్దాం.

వచ్చే పాఠంలో కార్డు బిగించి, డ్రైవర్ వేసి, వేడి కొలుస్తాం. ఈలోగా చేయాల్సిన పని ఒకటుంది. మీ సీపీయూ డబ్బా (కేబినెట్) కంప్యూటర్ టేబుల్ కింద తలుపున్న చెక్క అరలో ఉంటే దాన్ని బయటికి తీసి, వెనక జానెడు గాలి ఆడేలా పెట్టండి.