బస్సు రాదని ఆ స్టాపులో చెప్పేదెవరు? ఆలస్యం, దారి మళ్లింపు: సమస్య - పరిష్కారం

బస్సు లేటైతే జనం తిడతారు. లేటని తెలిసి కూడా చెప్పకపోతే ఇంకా గట్టిగా తిడతారు. ఆ తిట్లు తినేది మాత్రం ఎంక్వైరీ కిటికీ దగ్గర కూర్చున్న కంట్రోలరు, ఫుట్‌బోర్డు మీద నిలబడ్డ కండక్టరు. ఈ గైడు ముఖ్యంగా వాళ్లకోసం. డిపోల్లో, కంట్రోల్ రూముల్లో, సంస్థ సోషల్ మీడియా ఖాతాల దగ్గర పనిచేసేవాళ్లకీ ఇది ఉపయోగపడుతుంది. కాలేజీ బస్సులు, కంపెనీ షటిళ్లు నడిపేవాళ్లు కూడా ఇందులో చాలావరకు వాడుకోవచ్చు.

స్టాపులో నిలబడ్డ మనిషికి కావలసింది ఒక్కటే జవాబు: ఉండాలా, ఆటో ఎక్కాలా? మన కబురు అది తేల్చకపోతే ఎన్ని పోస్టులు పెట్టినా చెప్పనట్టే లెక్క. కింద రాసిన ప్రతి సమస్యనూ ఈ ప్రశ్నతోనే చూశాను.

లక్షణం: ఎంక్వైరీ కిటికీ దగ్గర అందరూ అదే ప్రశ్న అడుగుతున్నారు

"సార్, సూర్యాపేట బస్సు?"
"వస్తదమ్మా."
"ఎప్పుడొస్తది?"
"వస్తది, కూర్చోండి."

ఆవిడ కూర్చోదు. పక్కకి జరిగి నిలబడుతుంది. వెనకున్నాయన ముందుకొచ్చి అదే అడుగుతాడు. లోపల ఫోను మోగుతూనే ఉంటుంది. కంట్రోలరు దాన్ని భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి మాట్లాడుతూనే, కిటికీ అవతలి వాళ్లకి చెయ్యి ఊపుతుంటాడు.

కారణం చాలాసార్లు నిర్లక్ష్యం కాదు. బండి ఎక్కడో ఆగిపోతే డ్రైవరు డిపోకి ఫోన్ చేస్తాడు. డిపో వాళ్లు గ్యారేజీకి, పైఅధికారికి చెప్తారు. మైకు దగ్గరున్న మనిషికి చెప్పాలన్నది ఆ వరసలో ఎవరి పనీ కాదు. ఒకవేళ ఆయనకి తెలిసినా, కచ్చితమైన టైము తెలిసేదాకా నోరు విప్పకూడదన్న భయం. రేపు తప్పయితే తన మీదికే వస్తుంది కదా.

దీనికి మందు మూడు మాటలు: తెలిసింది చెప్పడం, తెలియనిది తెలియదని చెప్పడం, మళ్లీ ఎప్పుడు చెప్తామో చెప్పడం. ఉదాహరణకి హైదరాబాద్ మహాత్మా గాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్)లో సాయంత్రం ఇలాంటి పరిస్థితి వచ్చిందనుకుందాం. మైకులో ఇలా చెప్పొచ్చు:

"ఆరున్నరకి సూర్యాపేట వెళ్లాల్సిన బస్సు, ఇటు వస్తూ చౌటుప్పల్ దగ్గర ఆగిపోయింది. వేరే బండి ఏర్పాటు చేస్తున్నాం. ఎంతసేపు పడుతుందో ఇంకా తెలియదు. ఏడింటికి మళ్లీ చెప్తాం. తొందరగా వెళ్లాల్సినవాళ్లు ఖమ్మం బస్సు ఎక్కొచ్చు, సూర్యాపేటలో దిగొచ్చు."

ఏడింటికి కొత్త సంగతి లేకపోయినా సరే, మైకు పట్టుకోవాలి. "ఇంకా తెలియలేదు, ఏడుంపావుకి మళ్లీ చెప్తాం" అంటే చాలు. చెప్పిన టైముకి చెప్తున్నారని తెలిస్తే కిటికీ దగ్గర గుంపు దానంతటదే పలచబడుతుంది. "ఇప్పుడే వస్తుంది" అన్న మాటని మాత్రం బస్టాండులో నిషేధించాలి. నా లెక్కలో అది అబద్ధం కంటే హీనం. అబద్ధమైతే ఒకసారే నమ్మి ఊరుకుంటారు, దీన్ని పది నిమిషాలకోసారి నమ్మాల్సొస్తుంది.

లక్షణం: దారి మళ్లించారు, పాత స్టాపుల్లో జనం అలాగే నిలబడి ఉన్నారు

ఇది అన్నిటికంటే పెద్ద సమస్య. దీనికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

హైదరాబాద్‌లో వినాయక నిమజ్జనం రోజే తీసుకోండి. ట్యాంక్‌బండ్ చుట్టూ వాహనాలు రానివ్వరు. ఏ వైపు నుంచి వచ్చే ఆర్టీసీ బస్సులు ఎక్కడ ఆగిపోవాలో ట్రాఫిక్ పోలీసులు ముందే ప్రకటిస్తారు. మెహదీపట్నం వైపువి మాసాబ్‌ట్యాంక్‌లో, కూకట్‌పల్లి వైపువి ఖైరతాబాద్‌లో, ఉప్పల్ వైపువి రామంతాపూర్‌లో... ఏటా కాస్త అటూ ఇటూగా ఇలా ఉంటుంది. పేపర్లలో వస్తుంది, టీవీలో స్క్రోలింగ్ పోతుంది. అయినా ఆ రోజు లకిడీకాపూల్ స్టాపులో ఎవరో ఒకరు సంచీ పట్టుకుని, రాని బస్సు కోసం మెడ చాచి చూస్తూనే ఉంటారు.

ఎందుకంటే ఆ ప్రకటన స్టీరింగ్ పట్టుకున్నవాళ్ల కోసం రాసింది. "ఫలానా జంక్షన్ నుంచి ఫలానా వైపు అనుమతించరు" అంటే డ్రైవరుకి అర్థమవుతుంది. ప్రయాణికుడికి జంక్షన్లతో పనిలేదు, స్టాపు పేరుతోనే పని. పైగా ఆ కబురు అందరికంటే ఎక్కువ అవసరమైనవాడు బస్సులు తిరగని రోడ్డు మీద ఉన్నాడు. అక్కడ కండక్టరు లేడు, కంట్రోలరు లేడు, మైకు లేదు. కొత్త దారిలో ఎక్కినవాళ్లకి కండక్టరే చెప్తాడు. పాత దారిలో నిలబడ్డవాళ్లకి చెప్పే నాథుడు ఉండడు.

కాబట్టి పోలీసుల ఆర్డరు చేతికి రాగానే దాన్ని స్టాపుల భాషలోకి మార్చాలి. రూటు మ్యాపు ముందు పెట్టుకుని, బస్సు తప్పించే స్టాపులన్నీ వరసగా రాయండి. ఒక్కో స్టాపు ఎదురుగా, అక్కడున్నవాడు నడిచి వెళ్లగలిగే దగ్గరి స్టాపు రాయండి. నడిచే దూరంలో ఏదీ లేకపోతే ఆ మాటే రాయండి. తర్వాత ఆ కాగితాన్ని ఆయా స్టాపుల్లో అంటించాలి. ఇలా ఉంటే చాలు:

"ఈ స్టాపులో ఈ రోజు (06-09-2025, శనివారం) ఉదయం 6 నుంచి బస్సులు ఆగవు. మెహదీపట్నం బస్సులు మాసాబ్‌ట్యాంక్‌లో ఎక్కండి. రేపు ఉదయం 6 నుంచి మామూలుగా ఆగుతాయి."

తారీఖు అంకెల్లో, పెద్దగా ఉండాలి. బస్సు నంబర్లు బస్సు ముందు బోర్డు మీద ఉన్నట్టే ఉండాలి, ఎందుకంటే తెలుగు చదవలేనివాళ్లూ వాటిని గుర్తుపడతారు. హైదరాబాద్‌లో అయితే తెలుగుతోపాటు ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్ కూడా కావాలి. విశాఖలో ఏది అవసరమో అక్కడివాళ్లు చూసుకోవాలి. కాగితం ఏ4 సైజులో, షెల్టరు నీడలో, నిలబడ్డవాడి కళ్ల ఎత్తులో ఉండాలి. పారదర్శక కవరులో పెట్టి కవరు మూతిని కిందికి తిప్పి అంటించండి, వాన నీళ్లు లోపల నిలవవు. జనం ఎక్కువుండే ఒకటి రెండు స్టాపుల్లో మనిషిని నిలబెట్టగలిగితే కాగితం కంటే పదింతలు మేలు. మనుషులు చాలకపోతే ఆ స్టాపు పక్కనే ఉన్న చాయ్ బండి ఆయనకి చెప్పి ఉంచండి. ఎలాగూ అందరూ ఆయన్నే అడుగుతారు.

లక్షణం: "బస్సులు నడుస్తున్నాయి" అన్నారు, తీరా మా ఊరికి లేదు

2023 జులైలో, మళ్లీ 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైదరాబాద్-విజయవాడ హైవే మీదికి నీళ్లొచ్చాయి. అలాంటప్పుడు విజయవాడ వెళ్లేవాళ్లకి ఉన్న మరో దారి నార్కట్‌పల్లి దగ్గర తిరిగి మిర్యాలగూడ, గుంటూరు మీదుగా పోవడం. విజయవాడ ప్రయాణికుడికి అది ఆలస్యం మాత్రమే. కోదాడలో దిగాల్సినవాడికి ఆ బస్సు లేనట్టే. "విజయవాడ బస్సులు గుంటూరు మీదుగా నడుస్తున్నాయి" అన్న ఒక్క ముక్క మొదటివాడికి శుభవార్త, రెండోవాడికి ఉచ్చు. మిర్యాలగూడ దాకా వెళ్లాక తెలిస్తే ఏం చేస్తాడు?

రైళ్లలోనూ అంతే. 2024 సెప్టెంబరు 1న ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయినప్పుడు కొన్ని రైళ్లను గుంటూరు, నల్గొండ మీదుగా మళ్లించారు. రైలు గమ్యం చేరుతుంది, కానీ మహబూబాబాద్, ఖమ్మం స్టేషన్లు ఆ రోజు దాని దారిలో లేవు.

అందుకని దారి మళ్లింపు కబురులో ఏ దారిన పోతుందో చెప్పేముందు ఏయే ఊళ్లకి పోదో చెప్పండి. రిజర్వేషన్ చేయించుకున్నవాళ్ల దిగే ఊరు మన దగ్గర ఉంటుంది కాబట్టి, తప్పిపోయే ఊళ్ల టికెట్లున్నవాళ్లకి వేరే ఎస్సెమ్మెస్ పంపాలి. అందరికీ ఒకటే పంపితే లాభం లేదు. కండక్టరు బండి కదిలేముందు ఆ ఊళ్ల పేర్లు గట్టిగా చదవాలి. ఒక్క నిమిషం పని.

లక్షణం: బస్టాండే మూతపడింది

2025 సెప్టెంబరు 26 రాత్రి మూసీ పొంగి ఎంజీబీఎస్‌లోకి నీళ్లొచ్చాయి. మర్నాడు ఆర్టీసీ ఇచ్చిన సమాచారం ఊళ్లవారీగా ఉంది: ఆదిలాబాద్, కరీంనగర్, మెదక్, నిజామాబాద్ వైపు బస్సులు సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి, వరంగల్, హనుమకొండ వైపువి ఉప్పల్ క్రాస్‌రోడ్స్ నుంచి, సూర్యాపేట, నల్గొండ, విజయవాడ వైపువి ఎల్బీనగర్ నుంచి, మహబూబ్‌నగర్, కర్నూలు వైపువి ఆరాంఘర్ నుంచి. మంచి కబురుకి ఇదే నమూనా. చదివేవాడు తన ఊరి పేరు వెతుక్కుంటాడు, పక్కనే ఎక్కాల్సిన చోటు కనిపిస్తుంది. వరద ఎందుకొచ్చింది, ఏ జలాశయం గేటు ఎత్తారు అన్నవి తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

ప్రతి పెద్ద బస్టాండుకీ ఇలాంటి పట్టిక వానాకాలానికి ముందే తయారుగా ఉండాలి. అర్ధరాత్రి నీళ్లలో నిలబడి ఆలోచించే పని కాదిది.

లక్షణం: యాప్‌లో ఐదు నిమిషాలు అంటుంది, బస్సు రాదు

బస్సు ఎక్కడుందో చూపించే యాప్‌లు తెలంగాణ ఆర్టీసీకి గమ్యం, ఏపీఎస్‌ఆర్టీసీకి లైవ్ ట్రాక్ ఉన్నాయి. ఏ ఊళ్లో, ఏ సంస్థ యాప్ అయినా లోపల జరిగేది ఒకటే. జీపీఎస్ పరికరం బండికి ఉంటుంది, సర్వీసుకి ఉండదు. ఈ బండి ఈ రోజు ఈ సర్వీసు చేస్తోందని డిపోలో ఎవరో ఒకరు కంప్యూటర్‌కి చెప్పాలి. పొద్దున బండి పాడై స్పేర్ బండి పంపితే, ఆ మార్పు నమోదు చేయడం మర్చిపోతే, యాప్ గ్యారేజీలో ఉన్న బండినే చూపిస్తుంది. స్టాపులో ఉన్నవాడేమో దాన్ని చూసి ఆటో వదిలేసుకుంటాడు.

దారి మళ్లింపు రోజు ఇంకో తంటా. ఎన్ని నిమిషాల్లో వస్తుందన్న లెక్క మామూలు రూటు మీద కట్టింది. బస్సు రూటు దిగగానే ఆ లెక్క గాల్లో దీపం.

మొదటిదానికి డిపో గేటు దగ్గరే విరుగుడు ఉంది. బండి బయటికి పోయేటప్పుడు సర్వీసు నంబరు, బండి నంబరు సరిచూసి అక్కడికక్కడే మార్చాలి. రెండోదానికి, ఆ రూటులో నిమిషాలు చూపించడం ఆపేయాలి. "చివరిసారి 9:40కి మాసాబ్‌ట్యాంక్ దగ్గర కనిపించింది" అంటే తక్కువ సమాచారమే, కానీ నిజం.

సాంకేతిక విభాగం వాళ్లకి ఒక మాట. బస్సుల సమాచారం పంచుకోవడానికి ప్రపంచమంతా వాడే జీటీఎఫ్‌ఎస్ (జనరల్ ట్రాన్సిట్ ఫీడ్ స్పెసిఫికేషన్) పద్ధతి 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రవాణా సంస్థ, గూగుల్ కలిసి మొదలుపెట్టింది. దాని రియల్‌టైమ్ భాగంలో అలర్టులకి విడిగా చోటుంది: కారణం, ప్రభావం, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఏ రూటు, ఏ స్టాపు. చాలాచోట్ల రాత భాగం మాత్రమే నింపి వదిలేస్తారు. స్టాపు గడి ఖాళీగా ఉంటే ఆ స్టాపు తెరిచి చూసినవాడికి అలర్టు కనిపించకపోవచ్చు. అంత కష్టపడి రాసింది ఎవరికోసం?

లక్షణం: కండక్టరు ఒకటి, మైకు ఒకటి, ఫోన్లో ఇంకొకటి

ముగ్గురూ మూడు వేర్వేరు టైముల్లో విన్నది చెప్తున్నారు, ఎవరూ అబద్ధమాడటం లేదు. వాక్యం రాసే మనిషి ఒక్కరే ఉండాలి, ప్రతి వాక్యం చివర టైము ఉండాలి. ఆ వాక్యం ముందు కండక్టర్ల, డ్రైవర్ల గ్రూపుకి పోవాలి, తర్వాతే బయటికి. ప్రయాణికుడు ఫోన్లో చూసి అడిగేసరికి కండక్టరు తెల్లమొహం వేశాడంటే వరస తిరగబడిందన్నమాట. చెప్పడంతోపాటు బోర్డు మీద రాయడం కూడా కావాలి. వినపడనివాళ్లకి మైకు, కనపడనివాళ్లకి బోర్డు ఉపయోగపడవు.

లక్షణం: ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు, బస్సులో గొడవ మొదలైంది

డ్రైవరు లేచి వెనక్కి తిరిగి ఒక్కమాట చెప్తే సగం గొడవ ఉండదు. ముందేమైంది, ఎంతదూరం జామ్ ఉంది, దిగి నడిస్తే దగ్గరి మెట్రో స్టేషన్ ఏది. ఇంజను ఆపి తలుపు తీసినా చాలు, దిగాలనుకున్నవాళ్లు దిగుతారు.

లక్షణం: అరగంట లేటు అన్నారు, అరగంటకోసారి అరగంట పెంచుతున్నారు

ఎక్కువగా రైళ్లలో కనిపిస్తుంది. ముందు దారిలో లేటు పూడ్చుకుంటుందన్న ఆశతో లెక్క కడతారు. పూడదు, మళ్లీ పెంచుతారు. ఒక్క అంకె బదులు "గంట నుంచి రెండు గంటలు" అని చెప్పడం, రైలు ఆఖరుగా ఏ స్టేషన్ దాటిందో, ఎన్నింటికి దాటిందో చెప్పడం మేలు. ఆ దారి తెలిసినవాళ్లు మిగతాది తామే లెక్కేసుకుంటారు. ఎక్కే స్టేషన్‌లో రైలు 3 గంటలకు మించి లేటై ప్రయాణం మానుకుంటే పూర్తి డబ్బు వాపసు వస్తుంది. ఈ-టికెట్ అయితే రైలు కదిలేలోపే టీడీఆర్ (డబ్బు వాపసు కోసం ఆన్‌లైన్‌లో పెట్టే అర్జీ) వేయాలి. లేటు మూడు గంటలు దాటగానే ఈ మాట మైకులో చెప్పాలి. రైలు వెళ్లిపోయాక చెప్పి ఏం లాభం?

లక్షణం: రోడ్డు బాగైంది, జనం ఇంకా వేరే స్టాపుకే పోతున్నారు

మూసేటప్పుడు ఉన్న హడావిడి తెరిచేటప్పుడు ఉండదు. పోయిన ఏడాది వాట్సాప్ మెసేజ్ ఈ ఏడాది వానలకి మళ్లీ బయల్దేరడానికీ ఇదే కారణం: అందులో తారీఖు లేదు, అది ముగిసిందని ఎవరూ చెప్పలేదు. ప్రతి మెసేజ్‌లో సంవత్సరంతో సహా తారీఖు పెట్టండి. మళ్లింపు ఎత్తేశాక పాత పోస్టు తీసేయకుండా, దాని కిందే "ముగిసింది, మామూలు రూటులో నడుస్తున్నాయి" అని టైముతో రాయండి. స్టాపుల్లో కాగితాలు చింపే పని ఎవరిదో మళ్లింపు ఆర్డరులోనే రాసిపెట్టాలి. మామూలుగా అంటించినవాళ్లదే అంటే సరిపోతుంది, ఏ స్తంభానికి అంటించారో వాళ్లకే గుర్తుంటుంది.