పిల్లల కోసం అనుకుంటున్నారా? ఫోలిక్ యాసిడ్ ముందే మొదలుపెట్టండి

శ్రావణం పెళ్లిళ్లు అయ్యాయి. ఇక "విశేషమేమైనా ఉందా?" అనే ప్రశ్నలు మొదలవుతాయి. అంతకన్నా ముందే ఇవి చూసుకోండి.

• ఫోలిక్ యాసిడ్ (ఒక రకం బి విటమిన్) మాత్ర నెల తప్పాక వేసుకుందాం అనుకోవద్దు. బిడ్డ మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుంటుంది. అది సరిగ్గా మూసుకోవడానికే ఈ విటమిన్. టెస్టులో రెండు గీతలు చూసి, డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికే ఆ గడువు దాటిపోవచ్చు. కనీసం నెల ముందు నుంచి మూడో నెల నిండేదాకా రోజూ 400 మైక్రోగ్రాములు కావాలి.

• ఫిట్స్ మందులు వాడుతున్నా, షుగర్ ఉన్నా, ముందు కాన్పులో బిడ్డకు వెన్నెముక లోపం వచ్చినా డాక్టర్‌కు ఇప్పుడే చెప్పండి. డోసు పెంచాల్సి రావచ్చు. ఫిట్స్ మందు మాత్రం సొంతంగా ఆపొద్దు.

• మాత్రల షీటు వెనక చదవండి. 5 మిల్లీగ్రాముల మాత్ర అంటే మామూలు డోసుకు పన్నెండు రెట్లు పైనే. డాక్టర్ రాస్తేనే అది.

• తోటకూర, పాలకూర తింటున్నాం కదా అని మాత్ర మానొద్దు. ఉడికించి నీళ్లు వార్చేస్తే ఫోలేట్ (ఆకుకూరల్లో సహజంగా ఉండే ఇదే విటమిన్) చాలా సింకులోకే పోతుంది.

• మల్టీవిటమిన్ రెట్టింపు వేసుకోవద్దు. విటమిన్ ఎ ఎక్కువైతే బిడ్డకు హాని.